శబ్దాన్వేషి పియేర్ షేఫర్

ఒకే మాటను పట్టుకొని వదలనివాణ్ణి అరిగిపోయిన రికార్డు అని మనం ఎగతాళి చేయడం పరిపాటి. గ్రామఫోను మన ఇళ్ళలోంచి కనుమరుగై దశాబ్దాలు గడచినా ఈ నుడికారం మాత్రం మన నోట నిలిచిపోయింది. రికార్డు మీది గాడి అరిగినా, దానిపై గీటు పడినా, ముల్లు ముందుకు సాగలేక తిరిగిన చోటనే తిరుగుతుంది. పాటలోని ఒక మాట, ఒక్కొక్కప్పుడు మాటలోని ఒక అక్షరం, పదే పదే వినవస్తుంది. ఇంటిల్లిపాదికీ చిరాకు కలుగుతుంది. ఎవరో ఒకరు లేచి ముల్లును మెల్లగా ముందుకు జరుపుతారు. గ్రామఫోను ఉన్న ప్రతి ఇంటా జరిగినది ఇదే. కాని 1948లో పారిస్ నగరంలో ఒక రేడియో ఇంజనీరు ఆ ముల్లును జరపలేదు. దానిని అక్కడనే తిరగనిచ్చి, చెవి యొగ్గి విన్నాడు. లోకం లోపమని తలచినదానిలో ఆయనకు ఒక కొత్త సంగీతానికి ద్వారం కనిపించింది. ఆయన పేరు పియేర్ షేఫర్.

నేడు కంప్యూటరునే వాద్యంగా వేదికపై ఉంచుకొని సంగీతం వినిపించే కళాకారులు ఎందరో ఉన్నారు. వారు ఒక మీట నొక్కగానే, సాఫీగా సాగుతున్న లయ హఠాత్తుగా తునకలై, ఒక్కొక్క తునక టకటకమని మళ్ళీ మళ్ళీ పలుకుతుంది. పాట తడబడుతున్నట్లు వినిపించే ఈ ప్రక్రియను స్టట్టర్ అంటారు. దానిని ఉపయోగించే యువకులలో పలువురికి షేఫర్ పేరు తెలియకపోవచ్చు. అయినా వారు నొక్కే ప్రతి మీట వెనుక ఆయన తిరగనిచ్చిన ఆ ముల్లు ఉన్నదని చెప్పడంలో అతిశయోక్తి లేదు. ఆ మహనీయుని జీవితాన్ని మన విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

షేఫర్ 1910 ఆగస్టు 14న తూర్పు ఫ్రాన్సులోని నాన్సీ పట్టణంలో జన్మించాడు. తండ్రి వయొలిన్ విద్వాంసుడు, తల్లి గాయని. ఇంట్లో పొద్దు గుంకులూ సంగీతమే. అటువంటి ఇంట పుట్టిన బిడ్డ సంగీతజ్ఞుడు కావడం సహజమని ఎవరైనా అనుకుంటారు. కాని ఆ తల్లిదండ్రులు కుమారుడు తమ వృత్తిలోకి రావడాన్ని ప్రోత్సహించలేదు. అతనిని ఇంజనీరింగు వైపు నడిపించారు. అతడు తెలివైన విద్యార్థి. ఫ్రాన్సులో మిక్కిలి పేరుపొందిన ఎకోల్ పొలిటెక్నిక్‌లో ప్రవేశం సంపాదించి, ఆ పిమ్మట దూరవాణి శాస్త్రంలో శిక్షణ పొందాడు. 1934లో స్ట్రాస్‌బూర్గ్ నగరంలో ఉద్యోగంలో చేరి, 1936లో పారిస్‌కు వచ్చి ప్రభుత్వ రేడియోలో ప్రవేశించాడు. తలుపు దగ్గర ఆగిపొమ్మన్న సంగీతం కిటికీ గుండా మళ్ళీ ఆయన వద్దకు వచ్చింది. మైక్రోఫోన్లు, లౌడ్ స్పీకర్లు, రికార్డులు కోసే యంత్రాలు ఆయన చేతి పనిముట్లైనాయి. ఇంజనీరు చేతులు, సంగీతకారుని చెవులు ఒకే మనిషిలో కలసినాయి. ఆ రెంటికీ మధ్య పొత్తు కుదరకపోవడమే ఆయన జీవితాంతపు ఆవేదన కూడా.

రెండవ ప్రపంచ యుద్ధం ఆయన జీవితాన్ని మరొక మలుపు తిప్పింది. 1940లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. తొలినాళ్ళలో షేఫర్ విషీ ప్రభుత్వపు ఆదరణలోనే యువజనుల కోసం జోన్ ఫ్రాన్స్ అనే సాంస్కృతిక సంస్థను నడిపాడు. ఈ సంగతిని దాచవలసిన పని లేదు. ఆ కాలంలో పలువురు దేశభక్తులు దారి తెలియక తడబడ్డారు. 1942లో ఆ సంస్థ రద్దయింది. ఆ సంవత్సరమే బోన్ పట్టణంలో రంగస్థల ప్రయోక్త జాక్ కోపోతో కలసి రేడియో నటనపై ఒక శిక్షణ శిబిరం నిర్వహించాడు. దాని నుండి పారిస్‌లో స్టూడియో దెస్సే, అనగా ప్రయోగ స్టూడియో, రూపొందింది. పైకి అది రేడియో నాటకాల ప్రయోగశాల. లోపల అది ప్రతిఘటనోద్యమానికి స్థావరమైంది. 1944 ఆగస్టు 24 రాత్రి విమోచన సైన్యపు తొలి దళాలు పారిస్‌లో అడుగుపెట్టగానే రేడియో నుండి షేఫర్ కంఠం వినిపించింది. నగరంలోని చర్చిల గంటలన్నీ మ్రోగించవలసిందిగా ఆయన మతాచార్యులను కోరాడు. నాలుగేండ్ల మౌనం తరువాత గంటలు మ్రోగాయి. ఒక గంట మ్రోగితే గాలిలో ఏమి జరుగుతుందో ఆ రాత్రి విన్న చెవి, నాలుగేండ్ల తరువాత మరొక గంటతో మరొక ప్రయోగం చేసింది.

1948 వసంతంలో షేఫర్‌కు చప్పుళ్ళతో ఒక సింఫొనీ కూర్చాలనే కోరిక పుట్టింది. రేడియో నాటకాలకు ధ్వనులు కల్పించే గదిలోకి వెళ్ళి కొబ్బరిచిప్పలు, హారన్లు వంటివన్నీ ప్రోగుచేశాడు. ఎన్ని చేసినా అవి నాటకానికి పనికివచ్చే చప్పుళ్ళుగానే మిగిలాయి. కొబ్బరిచిప్ప వినిపించగానే చెవికి గుర్రం గుర్తుకువచ్చేది. హారన్ వినిపించగానే మోటారు కనిపించేది. ధ్వనిని దాని పుట్టుక నుండి విడదీయడమెట్లా అన్నదే ఆయనకు ఎదురైన సమస్య.

దానికి రెండు మార్గాలు దొరికాయి. మొదటిది తెగిన గంట. గంట మ్రోగినప్పుడు మొదటి దెబ్బను వదలి, ఆ వెనుక సాగే నాదాన్ని మాత్రమే రికార్డు చేశాడు. దెబ్బ లేని గంట గంటవలె లేదు. ఏదో ఊదే వాద్యంవలె వినిపించింది. ఒక వాద్యాన్ని మనం గుర్తుపట్టడంలో ధ్వని మొదలయ్యే ఆ క్షణానికి ఎంత ప్రాధాన్యముందో ఆయన ఈ విధంగా తెలుసుకున్నాడు.

రెండవది మూసిన గాడి. మామూలు రికార్డు మీది గాడి బయటి అంచున మొదలై చుట్టలు చుట్టుకుంటూ లోపలికి పోతుంది. అందుచేతనే పాట ముందుకు సాగుతుంది. షేఫర్ ఆ గాడిని చుట్టగా కాక, మొదలూ తుదీ కలసిన వలయంగా కోయించాడు. ముల్లు అందులో పడితే ఇక బయటపడే దారి లేదు. నిమిషానికి 78 మార్లు తిరిగే రికార్డు ఒక చుట్టు తిరగడానికి సెకనులో ముప్పాతిక భాగానికి కాస్త ఎక్కువ కాలం, సుమారు 0.77 సెకను, పడుతుంది. కనుక ఆ 0.77 సెకనుల ధ్వని ఎంతకాలం కావాలంటే అంతకాలం మళ్ళీ మళ్ళీ పలుకుతుంది. అరిగిన రికార్డులోని లోపాన్ని ఆయన కోరి చేయించాడన్నమాట.

ఆ గాడిని వింటూ కూర్చున్న ఆయనకు ఒక విచిత్రానుభవం కలిగింది. మొదటిసారి విన్నప్పుడు అది ఒక రైలు చప్పుడు. అయిదవసారికి రైలు మసకబారింది. ఇరవయ్యోసారికి రైలు లేనే లేదు. మిగిలినది ఒక లయ, ఒక గరుకుదనం, పైకి లేచి కిందికి వాలే ఒక ఆకారం. ఇది మనకు పరాయి అనుభవం కాదు. సంగీత సభలో గాయకుడు ఒకే పంక్తిని సంగతులు మార్చి మార్చి పాడినప్పుడు, ఖవ్వాలీ బృందం ఒకే మిస్రాను పట్టుకొని పదే పదే ఎత్తుకొన్నప్పుడు, మాటల అర్థం దాటి నాదమే మన గుండెను తాకడం మనమెరిగినదే. షేఫర్ గ్రహించినది ఏమనగా, ఆవృత్తి ధ్వనిని మార్చదు, వినేవానిని మారుస్తుంది.

ఆయన పారిస్‌లోని బాతిన్యోల్ రైలు యార్డుకు పోయి ఇంజన్ల ధ్వనులను రికార్డు చేసి, రైలుమార్గాలపై ఒక చిన్న రచన కూర్చాడు. దాని నిడివి మూడు నిమిషాలకు లోపే. దానితో పాటు మరి నాలుగు రచనలు సిద్ధమైనాయి. వాటిలో రెండింటికి యువకుడైన పియేర్ బూలేజ్ వాయించిన పియానో ధ్వనులు ముడిసరుకైనాయి. ఆ అయిదింటినీ 1948 అక్టోబరు 5న చప్పుళ్ళ కచేరీ పేర ఫ్రెంచి రేడియో ప్రసారం చేసింది. ఈ కొత్త కళకు షేఫర్ మ్యూజీక్ కాంక్రెత్ అని పేరు పెట్టాడు. కాగితంపై స్వరాలు వ్రాసి ఆ పైన వాయించే సంగీతం ఊహ నుండి ధ్వనికి నడుస్తుంది; ఇది చేతికందిన ధ్వని నుండి ఊహకు నడిచే సంగీతం కనుక దీనికి ఆ పేరు తగినది.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. అప్పటికి ఆ స్టూడియోకు టేపు రికార్డర్లు రాలేదు. ధ్వనులన్నీ రికార్డుల మీదనే ఉన్నాయి. కొన్ని గ్రామఫోను బల్లలను ఏకకాలంలో తిప్పుతూ, ఒకదాని ధ్వని పెంచుతూ, మరొకదాని ధ్వని తగ్గిస్తూ, సరియైన క్షణంలో ముల్లును దించుతూ, ఆ సమ్మేళనాన్ని మరొక రికార్డు మీద కోయవలసి వచ్చేది. ఒక్క చోట చేయి తడబడితే మళ్ళీ మొదటి నుండి చేయవలసిందే. అనగా ఆ రచనలు స్టూడియోలో పుట్టినప్పటికీ, ప్రతి ఒక్కటీ ఒక ప్రత్యక్ష ప్రదర్శనే.

1949లో పియేర్ ఆన్రీ అనే యువ సంగీతకారుడు ఆయనతో చేరాడు. ఇద్దరూ కలసి కూర్చిన ఒంటరి మనిషి సింఫొనీ 1950 మార్చి 18న పారిస్‌లో ప్రేక్షకుల ఎదుట ప్రదర్శితమైంది. వేదికపై గాయకులు లేరు, వాద్యకారులు లేరు. రికార్డులు తిప్పేవారు మాత్రమే ఉన్నారు. మనిషి అడుగుల చప్పుడు, ఊపిరి, కేక, గొణుగుడు, ఈల ఇవే అందులోని స్వరాలు. 1955లో మోరిస్ బెజార్ దానికి నృత్యం కూర్చడంతో అది మరింత ప్రసిద్ధికెక్కింది.

1951లో స్టూడియోకు టేపు రికార్డర్లు వచ్చాయి. జాక్ పుల్లాన్ అనే ఇంజనీరు సహాయంతో షేఫర్ విచిత్రమైన యంత్రాలు చేయించాడు. ఫోనోజెన్ అనే యంత్రంలో టేపు వలయాన్ని పన్నెండు మీటలతో పన్నెండు వేగాలలో నడిపి, ఒకే ధ్వనిని పన్నెండు స్థాయిలలో పలికించవచ్చును. మార్ఫోఫోన్ అనే యంత్రంలో ఒకే టేపు వలయాన్ని పది తలలు ఒకదాని వెంట ఒకటి చదివేవి. ఒక్క ధ్వని పది ప్రతిధ్వనులై వచ్చేది. మూడవది మరీ విడ్డూరం. ప్రదర్శకుడు చేతిలో ఒక చిన్న తీగచుట్టను పట్టుకొని, తన చుట్టూ అమర్చిన పెద్ద తీగవలయాల నడుమ కదిలిస్తే, ధ్వని ఆ కదలికను అనుసరించి సభలో ఒక లౌడ్ స్పీకరు నుండి మరొకదానికి నడిచేది. యంత్రం పాడుతున్నా సభికుల ఎదుట ఒక మనిషి చేయి కదలాలని ఆయన కోరుకున్నాడు. నేటి కంప్యూటరు కళాకారులను వేధించే ప్రశ్నకు ఆయన ఆనాడే సమాధానం వెదికాడు.

ఆ స్టూడియోకు మెస్సియాన్, వరేజ్, స్టాక్‌హౌసెన్, జెనాకిస్ వంటి ఉద్దండులు వచ్చి పనిచేశారు. కాని షేఫర్‌కు కీర్తితో పాటు నిరసన కూడా దక్కింది. 1953 అక్టోబరులో జర్మనీలోని డోనావెషింగెన్ ఉత్సవంలో ఆయనా ఆన్రీ కలసి సమర్పించిన ఓర్ఫియస్ సంగీత నాటకం సభలో పెద్ద దుమారం రేపింది. తనకు ఆప్తుడనుకొన్న బూలేజ్ తరువాతి కాలంలో తీవ్ర విమర్శకుడైనాడు. 1955లో ఫ్రాన్సు సముద్రాంతర భూభాగాల రేడియో సంస్థను నెలకొల్పి నడిపిన షేఫర్ 1957లో ఆ బాధ్యత నుండి తొలగవలసి వచ్చింది. తిరిగి వచ్చి 1958లో సంగీత పరిశోధన బృందాన్ని ఏర్పరచాడు. 1960 నుండి 1974 వరకు ఫ్రెంచి రేడియో, టెలివిజన్ సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నాడు. 1968 నుండి పారిస్ సంగీత కళాశాలలో బోధించాడు.

ఆయన జీవితకాలపు ఆలోచనల సారం 1966లో ప్రచురితమైన సంగీత వస్తువుల గ్రంథం. అది ఆరువందల పుటలకు పైబడిన ఉద్గ్రంథం. పైథాగరస్ తెర వెనుక కూర్చుండి బోధించేవాడని, శిష్యులు ఆయనను చూడక మాటను మాత్రమే వినేవారని ఒక ఐతిహ్యం. రేడియో, గ్రామఫోను మనలనందరినీ ఆ శిష్యులను చేశాయని షేఫర్ భావన. ధ్వని ఎక్కడి నుండి వచ్చింది, దాని అర్థమేమి అన్న చింతను విడిచి, ధ్వనిని ధ్వనిగా వినడం ఒక సాధన అని ఆయన బోధించాడు. ఆ సాధనకు ఆయన చూపిన తొలి మెట్టు మూసిన గాడియే.

ఇంతటి పని చేసిన మనిషి తృప్తితో కన్నుమూశాడా? లేదు. వార్ధక్యంలో షేఫర్ తన కృషిని తానే నిర్దాక్షిణ్యంగా తూచాడు. 1986 నాటికి ఆయన బాహాటంగానే ఒప్పుకొన్నాడు: ధ్వనులను కనుగొన్నాను గాని సంగీతాన్ని కనుగొనలేకపోయాను, సప్తస్వరాల ఆవల మరొక సంగీతం ఉన్నదని నమ్మి బ్రతుకంతా వెచ్చించాను, అది దొరకలేదు అన్నది ఆయన తీర్పు సారాంశం. తల్లిదండ్రుల ఇంట విన్న సంగీతమే చివరికి ఆయన దృష్టిలో సంగీతంగా నిలిచింది. ఇంజనీరు చేతులు సాధించినదానిని సంగీతకారుని చెవులు అంగీకరించలేదు. అల్జీమర్స్ వ్యాధితో బాధపడి, 1995 ఆగస్టు 19న దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-అన్-ప్రొవాన్స్‌లో ఆయన పరమపదించాడు.

కాని ఒక మనిషి పని విలువను నిర్ణయించే అధికారం ఆ మనిషికొక్కనికే లేదు. ఆయన నెలకొల్పిన బృందమే 1990 దశకంలో కంప్యూటరులో ధ్వనులను మలచే సాఫ్ట్‌వేరును వెలువరించింది. ధ్వనిని తునకలు చేసి కలగాపులగంగా పేర్చే సాధనమొకటి, క్షణాన్ని గడ్డకట్టించి నిలిపే సాధనమొకటి అందులో ఉన్నాయి. 2001లో బెర్లిన్ నుండి వెలువడిన ఏబుల్‌టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేరు వేదికపై ప్రదర్శనకే ఉద్దేశించినది. తరువాత దానిలో చేరిన బీట్ రిపీట్ అనే సాధనం మూసిన గాడికి మనుమడు.

అది పనిచేసే తీరు ఇది. కంప్యూటరు సాగుతున్న సంగీతాన్ని ఎప్పటికప్పుడు తన జ్ఞాపకంలో కొంత నిలుపుకొంటూ ఉంటుంది. సాధారణంగా సెకనుకు 44,100 అంకెలుగా ధ్వనిని లెక్కిస్తుంది. కళాకారుడు మీట నొక్కగానే చివరి తునకను తీసి మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. తునక పొడవును తాళమే నిర్ణయిస్తుంది. నిమిషానికి 120 మాత్రల వేగంలో ఒక మాత్ర అర సెకను. దానిని నాలుగు భాగాలు చేస్తే ఒక్కొక్క తునక 125 మిల్లీసెకన్లు. సెకనుకు ఎనిమిది మార్లు పలుకుతుంది. ఎనిమిది భాగాలు చేస్తే పదహారు మార్లు. పదహారు భాగాలు చేస్తే ముప్పైరెండు మార్లు. అక్కడ ఒక వింత జరుగుతుంది. చెవి ఇక దెబ్బలను వేరువేరుగా లెక్కపెట్టలేదు; అవి కలసిపోయి మంద్రస్థాయిలో ఒక స్వరంగా వినిపించడం మొదలవుతుంది. లయయే శ్రుతిగా మారుతుంది. తునక అంచులు అతకకపోతే ప్రతి అతుకు వద్ద టిక్కుమన్న చప్పుడు వస్తుంది. అందుకని కొద్ది మిల్లీసెకన్ల పాటు అంచులను పలుచన చేస్తారు. ఎంత తరచుగా తునక పట్టాలి, పట్టే అవకాశం నూటికి ఎన్నిపాళ్ళు, ఎంతసేపు సాగాలి, ఆవృత్తి కొద్దీ శ్రుతి దిగజారాలా అన్నవన్నీ కళాకారుడు ముందుగా అమర్చుకోవచ్చును.

అయితే తాతకూ మనుమడికీ ఒక భేదమున్నది. గ్రామఫోను ముల్లు చిక్కుకుంటే పాట ఆగిపోయేది. ఇక్కడ పాట అడుగున నడుస్తూనే ఉంటుంది. మీట వదలగానే శ్రోత పాట ఆగినచోటికి కాక, అది ఈపాటికి చేరివుండవలసిన చోటికి చేరుకుంటాడు. తాళం ఎక్కడా తప్పదు. షేఫర్ గాడిలో యంత్రపు వేగమే తునక పొడవును శాసించింది. నేడు సంగీతమే యంత్రాన్ని శాసిస్తున్నది. తన చేతులకూ చెవులకూ మధ్య ఆయన కోరుకున్న పొత్తు ఈ చిన్న మీటలో కొంతవరకైనా కుదిరిందనిపిస్తుంది.

విద్యార్థులారా, ఈ జీవితం నుండి మనం నేర్వవలసినది యంత్రజ్ఞానం మాత్రమే కాదు. మీట నొక్కడం నేడు పసిపిల్లలకు సైతం చేతనవును. ఆవృత్తి రెండంచుల కత్తి. శ్రద్ధగా వినేవానికి అది మరుగుపడినదాన్ని చూపుతుంది, వినకుండా నొక్కేవాని చేతిలో అది మళ్ళీ అరిగిన రికార్డే అవుతుంది. షేఫర్ తనకు సంగీతం దొరకలేదన్నాడు. కాని అందరూ చిరాకుపడి జరిపివేసిన చోట ఆయన ఆగి విన్నాడు. పాఠంలో అర్థం కాని పంక్తి వచ్చినా, లెక్కలో మళ్ళీ మళ్ళీ అదే తప్పు దొర్లినా, ముల్లును తొందరపడి ముందుకు జరపకండి. కాసేపు అక్కడనే తిరగనివ్వండి. వినవలసినది అక్కడనే ఉండవచ్చును.